రవ్వంత కంకర

తొమ్మిదేళ్ళ మా బాబుకి ఇది మూడో దేశం. "మీ ఊరేది?" అని ఎవరైనా అడిగితే నా మొహం వైపు చూస్తాడు. యాంగోన్ వచ్చాక మాత్రం ఒకదాన్ని తనదిగా చేసుకున్నాడు. నగరం చుట్టూ సుమారు 46 కిలోమీటర్లు తిరిగే సర్క్యులర్ రైలు! మావారికి మళ్ళీ బదిలీ మాట వినబడగానే, "ఆ రైలుని చెక్కబల్ల మీద కట్టి మనతో పట్టుకెళ్దామమ్మా" అన్నాడు.

పట్టాలు, పెట్టెలు కొనుక్కోవచ్చు. చిక్కంతా కంకర దగ్గరే. అది సరిగ్గా లేకపోతే ఎంత మంచి రైలైనా బొమ్మలాగే కనిపిస్తుంది.

ముందు కొలత. మన రైల్వేల్లో వాడే కంకర 20 నుంచి 65 మిల్లీమీటర్లు ఉంటుంది. మా నమూనా అసలులో 87వ వంతు. భాగిస్తే పావు నుంచి ముప్పావు మిల్లీమీటరు. అంటే సరిగ్గా బొంబాయి రవ్వంత! ఇడ్లీ రవ్వంత ఉంటే ఆ లెక్కలో బండరాళ్ళే. అలాగని డబ్బాలోని రవ్వే పోసేయకండి. ఇక్కడి వానాకాలానికి బూజు, పురుగు ఖాయం.

తర్వాత ఆకారం. ఏటి ఇసుక నీళ్ళలో దొర్లి నునుపెక్కుతుంది. అసలు కంకర పగలగొట్టిన రాయి. దాని అంచులు ఒకదానితో ఒకటి బిగిసి స్లీపర్లని కదలనివ్వవు, వాన నీళ్ళని మాత్రం కిందికి వదిలేస్తాయి. అందుకే ఇల్లు కడుతున్నచోట రాతిపొడి అడిగి తెచ్చాను. కడిగి, ఎండబెట్టి, టీ జల్లెడతో పెద్దవి తీసేసి, పల్చటి గుడ్డలో ఆడించి దుమ్ము పోగొట్టాను. చివర్లో అయస్కాంతం తిప్పాలి. ఇనుప రజను మిగిలితే ఇంజను మోటారు లాక్కుంటుంది.

రంగు కోసం ఇద్దరం ప్లాట్‌ఫారం మీద నిలబడి చూశాం. ఎక్కడా ఒట్టి బూడిదరంగు లేదు. పట్టాల పక్కన తుప్పు, రైలు ఆగేచోట నూనె నలుపు, అంచుల్లో గడ్డి. బాబు అన్నీ పుస్తకంలో రాసుకున్నాడు. రాతిపొడిలో కాస్త ఇటుకపొడి, కాస్త బొగ్గుపొడి కలిపితే ఆ రంగు వచ్చింది.

కంకరని బ్రష్‌తో సర్ది, నీళ్ళు చిలకరించి, ఒక వంతు తెల్ల జిగురుకి రెండు వంతుల నీళ్ళు కలిపి డ్రాపర్‌తో చుక్కచుక్కగా వేయాలి. అందులో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క పడాలి. అది నీటి తలతన్యతని తగ్గిస్తుంది కాబట్టి జిగురు పైన ముత్యంలా నిలబడకుండా లోపలికి ఇంకుతుంది. పట్టాలు మారేచోట మాత్రం జిగురు తగలనివ్వకూడదు. రాత్రంతా ఆరనివ్వాలి.

మా శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళు యాంగోన్‌ని ఇప్పటికీ "రంగం" అంటారు. ఒకప్పుడు మనవాళ్ళు ఓడెక్కి కూలిపనికి వచ్చిన ఊరు మరి. మొన్న వీడియో కాల్‌లో మా అత్తయ్యగారు, "ఏ ఊరి రైలురా అది?" అన్నారు.

"మా ఊరిదే నాయనమ్మా, రంగం రైలు" అంటూ ఫోను దగ్గరికి పెట్టి, ముందు కంకర చూపించాడు.