తిరిగొచ్చిన సిపాయికి ఊళ్లో ఒక చోటు

లోసరి దగ్గర ఉప్పుటేరు వంతెన దాటితే కృత్తివెన్ను మండలం మొదలవుతుంది. రోడ్డుకు రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే ఏరేటర్లు, దూరంగా కొబ్బరి తోపులు, ఆ వెనక సముద్రం. తాడేపల్లిగూడెం పక్కనున్న మాధవరం చూసుకుని నేనిటు వచ్చాను. ఆ ఊరిని అందరూ మిలటరీ మాధవరం అంటారు. ఇంటికొకరు చొప్పున సైన్యానికి పంపిన ఊరని దానికి పేరు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్లారని ఊరివాళ్లు లెక్క చెబుతారు. ప్రాణాలిచ్చిన వాళ్ల కోసం ఢిల్లీ అమర్ జవాన్ జ్యోతి తరహాలో స్మారకం కట్టుకున్నారు. కృత్తివెన్నుకు అలాంటి పేరు లేదు. ఇక్కడినుంచి వెళ్లినవాళ్లు తక్కువ, తిరిగొచ్చినవాళ్లు చినపాండ్రాకలో ఒకరు, ఇంతేరులో ఒకరు అన్నట్టు చెదిరి ఉంటారు. అందుకే మాజీ సైనికుల సంఘమంటూ ఒకటి పెట్టాల్సింది మాధవరంలో కంటే ముందు ఇక్కడ అనిపించింది.

మాధవరంలో ఊరే సంఘం. పెన్షన్ కాగితంలో పేరు తప్పుపడితే ఏం చేయాలో పక్కింటి సుబేదారు గారికి తెలుసు. భర్త పోయిన ఇల్లాలికి కుటుంబ పెన్షన్ దరఖాస్తు ఎవరు రాసిపెడతారో వీధికంతటికీ తెలుసు. సైన్యంలో చేరాలనుకునే కుర్రాడికి పరుగు నేర్పే మనిషిని వెతుక్కునే పని లేదు. వందేళ్లకు పైగా ఇంటినుంచి ఇంటికి అందుతూ వచ్చిన జ్ఞానమిది. కృత్తివెన్ను లాంటి మండలంలో పదిహేను, పదిహేడేళ్లు పనిచేసి నలభై నిండకుండానే ఇంటికొచ్చిన సిపాయికి ఆ ఆసరా ఉండదు. ఊళ్లో అతని ఈడువాళ్లు అప్పటికే చెరువులు, కౌళ్లు, వ్యాపారాల్లో స్థిరపడి ఉంటారు. ‘మిలటరీ ఆయన’ అని గౌరవిస్తారు. ఆ గౌరవంతో పాటే కాస్త దూరం కూడా వస్తుంది. మాధవరంలో మాజీ సైనికుల సంఖ్య వల్ల దానంతటదే జరిగిపోయే పని ఇక్కడ నలుగురు పూనుకుంటే తప్ప జరగదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉండగా ఇంకో సంఘం ఎందుకని అడగవచ్చు. ఆ కార్యాలయం అవసరమే. అయితే అది హక్కును గుర్తిస్తుంది, ఆ హక్కును ఇంటిదాకా మోసుకొచ్చే మనిషి అక్కడ ఉండడు. మాజీ సైనికుల కోసం 2003లో మొదలైన ఈసీహెచ్ఎస్ వైద్య పథకాన్నే చూడండి. పాలీక్లినిక్ దూరాన పట్నంలో ఉంటుంది. మోకాళ్లు పట్టేసిన డెబ్భై ఏళ్ల మనిషి కృత్తివెన్ను నుంచి బస్సులు మారి వెళ్లాలి. పెన్షన్ ‘స్పర్శ్’ పద్ధతిలోకి మారాక ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కూడా ఫోన్‌కు, వేలిముద్రకు ముడిపడింది. మాజీ సైనికుడికి ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చు. కానీ అది రిజిస్ట్రేషన్ల 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే నిరభ్యంతర పత్రం కోసం కలెక్టరేట్ చుట్టూ తిరగాలి. ఇవేవీ పెద్ద చట్ట సమస్యలు కావు. ఒకసారి ఆ దారి నడిచినవాడు తోడుంటే తీరేవే. ఆ తోడును జీవో ఇచ్చి నియమించలేరు.

ఇంతకంటే బలమైన కారణం అగ్నిపథ్. నాలుగేళ్ల సేవకే సైన్యంలోకి తీసుకునే ఈ పథకాన్ని 2022 జూన్‌లో ప్రకటించారు. ఆ ఏడాది చివర, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లిన అగ్నివీరుల తొలి జట్టుకు నాలుగేళ్లు నిండేది 2026 చివరికి, 2027 మొదటికి. పథకం రూపొందించినప్పటి లెక్క ప్రకారం వారిలో నూటికి పాతికమంది వరకే కొనసాగుతారు. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధితో, ఇరవైల వయసులోనే, పెన్షన్ లేకుండా ఇంటికొస్తారు. ఆ పథకం వారికి మాజీ సైనికుల హోదా ఇవ్వలేదు. కనుక ఈసీహెచ్ఎస్ కార్డు, క్యాంటీన్ కార్డు కూడా ఉండవు. ఈ పథకం మంచిదా చెడ్డదా అన్న వాదన ఢిల్లీలో ఎలాగైనా తేలనివ్వండి, కుర్రాడు బస్సు దిగేది మాత్రం మన సెంటర్లోనే. ప్రభుత్వ నిర్వచనం పట్టుకుని కూర్చుంటే సంఘం కూడా అతన్ని బయట నిలబెడుతుంది. అందుకే సభ్యత్వానికి కొలమానం పెన్షన్ పుస్తకం కాకూడదు, చేసిన సేవ కావాలి. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, అగ్నివీరులు, భర్తను కోల్పోయిన ఇల్లాళ్లు అందరూ అందులో ఉండాలి. మండలంలో మనుషులు తక్కువన్న సందేహానికీ ఇదే జవాబు.

అసలైన అభ్యంతరం వేరే ఉంది, సంఘం చివరికి క్లబ్బుగా మారుతుందని. డెల్టాలో క్లబ్బంటే పేకాట గుర్తొస్తుంది, మిలటరీ వాళ్లంటే క్యాంటీన్ రమ్ము. ఈ భయాన్ని కొట్టిపారేయడానికి లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1916లో, ఆస్ట్రేలియాలో తిరిగొచ్చిన సైనికులు తమ లీగ్ పెట్టుకున్నారు. ఊరూరా శాఖలు తెరిచి వితంతువులను, గాయపడినవాళ్లను ఆదుకున్నారు. ఆ లీగ్ పేరు మోస్తున్న క్లబ్బుల్లో చాలావాటికి కాలక్రమంలో బారు, జూద యంత్రాలే ప్రధాన ఆదాయమయ్యాయి. ఆదాయం కోసం క్లబ్బు నడపడం మొదలైతే ఎవరికోసం పెట్టారో వాళ్లే మూలకు పోతారు. బ్రిటన్‌లో 1921లో, మన దేశంలో ఫీల్డ్ మార్షల్ కరియప్ప చొరవతో 1964లో పుట్టిన సంఘాలు పెన్షన్లు, హక్కుల కోసం గొంతెత్తాయి. వాటినుంచి ఆ పట్టుదల తీసుకోవాలి, ఆస్ట్రేలియా నుంచి హెచ్చరిక తీసుకోవాలి. మద్యం, పేక లోపలికి రాకూడదని నియమావళి మొదటి పేజీలోనే రాసుకోవాలి. కులం, పార్టీ సంగతీ అంతే. ఎన్నికలొచ్చినప్పుడు ఇలాంటి సంఘం మీద ప్రతి నాయకుడికీ కన్ను పడుతుంది. కన్వీనరు ఏటా మారడం, వేదిక మీద జెండా ఒక్క జాతీయ పతాకమే కావడం, జమాఖర్చు గోడకు అంటించడం, ఈ మూడూ పాటిస్తే చాలా తగువులు పుట్టకముందే ఆగుతాయి.

ఊరు ఈ సంఘానికి చేసే మేలు వృథా పోదు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినప్పుడు సహాయానికి వచ్చినవాళ్లలో సైనికులున్నారు. అదే శిక్షణ పొందిన మనుషులు ఇప్పుడు మన ఊళ్లలోనే చేతులు కట్టుకుని కూర్చున్నారు. తాడు కట్టడం, పడవ నడపడం, గాయానికి కట్టు వేయడం, భయపడ్డ జనాన్ని వరసలో నడిపించడం వాళ్లకు వచ్చిన విద్య. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి తహసీల్దారు దగ్గర వాళ్ల పేర్లు, ఫోను నంబర్లు ఒక జాబితాగా ఉంటే తీరమంతటికీ లాభం. తీర గ్రామాల్లో తుఫాను రక్షిత భవనాలు ఏడాదిలో చాలాకాలం ఖాళీగానే ఉంటాయి. నెలకో ఆదివారం ఒక గది ఇస్తే సంఘానికి అద్దె ఖర్చు ఉండదు, భవనమూ పాడుపడదు.

ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సంఘం నమోదుకు ఏడుగురు చాలు. కృత్తివెన్ను మండలంలో ఏడుగురు దొరకరంటే నమ్మలేం. వాళ్లను ఒకచోటికి పిలిచే పని పంచాయతీ చేయవచ్చు, హైస్కూలు ప్రధానోపాధ్యాయులు చేయవచ్చు, విశ్రాంత హవల్దారు ఒక్కరు చొరవ తీసుకున్నా చాలు. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. చందా డబ్బాలో పది రూపాయలు వేసి ఊరుకోకుండా, ఈసారి ఆ రోజున తొలి సమావేశం పెట్టండి. అగ్నివీరుల తొలి జట్టు ఇంటికొచ్చే నాటికి సంఘం బోర్డు కట్టి ఉండాలి.