నాలుగు పరుగుల దూరం

మా ప్రాంతంలో మిరప రైతుకూ, ఆంధ్ర రంజీ జట్టు అభిమానికీ బెంగ ఒకే కాలంలో మొదలవుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో గుంటూరు నుంచి ఒంగోలు దాకా కళ్ళాల్లో కాయలు ఎర్రగా పరచుకుని ఉంటాయి. రంజీ పోటీలు ఒక కొలిక్కి వచ్చేదీ ఆ రోజుల్లోనే. మా ఇంట్లో పెద్దలు యార్డులో తేజ రకం ధర ఎంత పలికిందని అడుగుతుంటే, నేను ఒక మూల కూర్చుని ఎన్ని వికెట్లు పడ్డాయో చూసుకునేవాణ్ణి. ఎవరి ఆదుర్దా వారిది.

"మీ జట్టుకు నిలకడ లేదయ్యా" అని మా పెదనాన్న ఎప్పుడూ అనే మాట. ఒప్పుకోక తప్పదు. 2019 డిసెంబరులో మన ఒంగోలు శర్మ కళాశాల మైదానంలోనే ఢిల్లీని తొమ్మిది వికెట్ల తేడాతో ఓడించారు. రెండు నెలలు తిరిగాయో లేదో, 2020 ఫిబ్రవరిలో అదే మైదానంలో క్వార్టర్ ఫైనల్. సౌరాష్ట్ర 419 పరుగులు చేస్తే మనవాళ్ళు 136కే కుప్పకూలారు. తొలి ఇన్నింగ్స్ ఆధిక్యంతో సౌరాష్ట్ర ముందుకు వెళ్ళింది, ఆ ఏడాది కప్పు కూడా గెలిచింది. అంతకు ఐదేళ్ళ ముందు, 2015లో, శ్రీకర్ భరత్ గోవా మీద 308 పరుగులు చేసిందీ ఈ మైదానంలోనే. రంజీ చరిత్రలో ఒక వికెట్ కీపర్ చేసిన మొదటి ట్రిపుల్ సెంచరీ అది.

తరువాతి రెండు దెబ్బలూ ఇందోరులో, మధ్యప్రదేశ్ చేతిలో తగిలాయి. 2023 క్వార్టర్ ఫైనల్లో మనవాళ్ళు 379 చేసి ప్రత్యర్థిని 228కే కట్టడి చేశారు. 151 పరుగుల ఆధిక్యం చేతిలో ఉంది. మణికట్టు విరిగిన కెప్టెన్ హనుమ విహారి కుడిచేతి ఆటగాడై ఉండి ఎడమచేతి వాటంగా నిలబడి ఆడాడు. దేశమంతా ఆ దృశ్యాన్ని మెచ్చుకుంది. కానీ రెండో ఇన్నింగ్స్‌లో జట్టు 93కే ముగిసింది, ఐదు వికెట్ల తేడాతో ఓడింది. ఒక మనిషి తెగువ జట్టు మొత్తానికి సరిపోదని ఆ రోజు తెలిసింది.

2023-24 సీజను మరీ విచిత్రం. మొదటి ఆట కాగానే నాయకత్వం విహారి నుంచి రికీ భుయ్‌కి మారింది. రెండో ఆటలో ముంబయి పది వికెట్ల తేడాతో ఓడించింది. ఇక అయిపోయిందనుకున్న జట్టు పుంజుకుని మళ్ళీ క్వార్టర్ ఫైనల్ చేరింది. ఆ ఏడాది పోటీ మొత్తం మీద అందరికంటె ఎక్కువ పరుగులు, 902, చేసింది రికీ భుయే. మళ్ళీ ఇందోరు, మళ్ళీ మధ్యప్రదేశ్. లక్ష్యం 170. మూడో రోజు ముగిసేసరికి నాలుగు వికెట్లకు 95. కావలసినవి 75, చేతిలో ఆరు వికెట్లు. మర్నాడు 165 దగ్గర చివరి వికెట్టు పడింది. నాలుగు పరుగులు! ఒక్క బంతి గాలిలోనే గీత దాటి సిక్సరై ఉంటే సరిపోయేది.

ఆ రాత్రి అన్నం సహించలేదంటే మీరు నవ్వుకోవచ్చు. నిలకడ లేదన్న మాటను నేను మళ్ళీ ఆలోచించింది మాత్రం అప్పుడే. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసినప్పుడు రైతుకు నిలకడ లేదని ఎవరమైనా అన్నామా? ఆ రైతే మరుసటి ఏడు మళ్ళీ నారు పోశాడు. మూడు రోజులు సరిగా ఆడి నాలుగో రోజు తడబడిన జట్టును చేతకానిదని తీర్పు చెప్పడం నాకు న్యాయంగా తోచదు. అలాగని దురదృష్టమని సరిపెట్టుకోవడమూ తప్పే. రెండేళ్ళూ ఓటమి రెండో ఇన్నింగ్స్‌లోనే, బ్యాటుతోనే వచ్చింది. రోగం ఎక్కడుందో అంకెలే చెబుతున్నాయి.

మందు ఉందనడానికి విదర్భే సాక్ష్యం. అదీ మనలాంటి నల్లరేగడి నేల, పత్తి పండే సీమ. 2017-18 వరకు ఆ జట్టు ముఖం కప్పు చూడలేదు. చంద్రకాంత్ పండిట్ శిక్షణ, వసీం జాఫర్ అనుభవం తోడయ్యాయి. ఫైనల్లో రజనీశ్ గుర్బానీ హ్యాట్రిక్ తీశాడు. ఆ ఏడాదీ, తరువాతి ఏడాదీ, మళ్ళీ 2024-25లోనూ కప్పు వారిదే. ఇందోరులో రెండుసార్లు మనల్ని ఆపిన మధ్యప్రదేశ్‌కు శిక్షకుడు కూడా ఆ పండిటే. ఒత్తిడిలో ఎలా ఆడాలో నేర్పేవాడు ఉండాలి, అతణ్ణి నాలుగేళ్ళు కదలనివ్వకుండా ఉంచాలి. విత్తనం మంచిదైనా సాగు తెలియాలి కదా.

విత్తనానికి మనకు కొదవ లేదు. ఎమ్మెస్కే ప్రసాద్ గుంటూరువాడే, అంబటి రాయుడు పుట్టిందీ గుంటూరులోనే. 2022లో అండర్-19 ప్రపంచకప్పు గెలిచిన జట్టుకు ఉపనాయకుడైన షేక్ రషీద్ కూడా గుంటూరు కుర్రాడే. 2024 నవంబరులో హైదరాబాదు మీద 203 పరుగులు చేశాడు. అయినా ఆ ఏడాది జట్టు నాకౌట్ దశకు చేరలేదు. మళ్ళీ పాత కథే.

మరి ఎందుకీ అభిమానం? నాకు తోచిన కారణం ఒకటుంది. ఈ జట్టు మొదటి రంజీ సీజను 1953-54. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందీ 1953లోనే. మొదటి నాయకుడు సి.కె. నాయుడు, అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. ఆ తరువాత రాష్ట్రం 1956లో పెరిగింది, 2014లో విడిపోయింది. రాజధానుల మాట సరేసరి. జట్టు పేరు మాత్రం ఆంధ్రగానే ఉండిపోయింది. మా తాతగారి కాలంలోనూ, నా కాలంలోనూ "మనవాళ్ళు" అనడానికి మారకుండా మిగిలిన వాటిలో ఇదొకటి. నిలకడ లేదని దెప్పే పెదనాన్న కూడా, 2024లో ఆ నాలుగు పరుగుల సంగతి చెబితే, చేతిలోని తాలుకాయలు పక్కన పెట్టి "అయ్యో, ఎవరు అవుటయ్యాడ్రా?" అని అడిగాడు.

ఒంగోలులోనో మంగళగిరిలోనో రంజీ ఆట జరుగుతుంటే మీరూ ఒక పూట వెళ్ళి చూడండి. జనం పెద్దగా ఉండరు, కూర్చోవడానికి నీడ వెతుక్కోవాలి. బంతి బ్యాటును తాకిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినబడుతుంది.