నీళ్లకు లొంగని మంట

మా ఇల్లు హైదరాబాద్ చింతల్‌లో. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక లేత్ మిషన్ ఉంది. బాలానగర్‌లో చాలా ఏళ్లు టర్నర్‌గా చేశాక సొంతంగా పెట్టుకున్నాను. ఇనుము, ఇత్తడి, అల్యూమినియం పనులు అలవాటే. మెగ్నీషియం పని రావడం అదే మొదలు.

ప్రమాదం జరిగిన సాయంత్రం ఆ పని ఆఖరి ఫినిషింగ్ నడుస్తోంది. పల్చటి కట్. టూల్ మొన అరిగి, లోహాన్ని కోయకుండా రాస్తోంది. ఆ రాపిడి వేడికి సన్నటి చిప్స్ అంటుకున్నాయి. అవి ట్రేలో ఉన్న కుప్ప మీద పడ్డాయి. వెల్డింగ్ వెలుగును అద్దం లేకుండా చూసినట్టయింది. నేను బయటికి పరుగెత్తాను. లోపల మా బామ్మర్ది ఉన్నాడన్న సంగతి గుమ్మం దాటాక గుర్తొచ్చింది. ఇది ఇంట్లో వాళ్లకు చాలాకాలం చెప్పలేకపోయాను.

తిరిగి లోపలికి వెళ్లేసరికి అతను బకెట్టు ఎత్తి నీళ్లు కుమ్మరించాడు. మంట చూస్తే ఎవరైనా చేసే పనే. కానీ మండుతున్న మెగ్నీషియం నీటిని విడగొడుతుంది. హైడ్రోజన్ పుడుతుంది, అదీ అంటుకుంటుంది. ఢామ్మని పేలింది. కరిగిన లోహం చిమ్మి నా కుడి చేతి మీద, పాదం మీద పడింది. అతనికి ఏమీ కాలేదు.

పక్కింటి పెద్దాయన ఫౌండ్రీలో పనిచేసి రిటైరయ్యారు. "నీళ్లు పొయ్యొద్దు!" అని అరుస్తూ వచ్చారు. తమ ఇంటి పని కోసం లోపల పెట్టుకున్న ఎండు ఇసుక బస్తాలు తెప్పించారు. విసరకుండా, పారను పిడి చివర పట్టుకుని, మెల్లగా మంట మీద కప్పించారు. ఆయన లేకపోతే షెడ్డుతో పాటు ఇల్లూ పోయేది. 101కి ఫోన్ చేసింది ఆయన కోడలు. ఫైర్ వాళ్లు వచ్చాక కూడా చాలాసేపు ఆ కుప్పను కదపనివ్వలేదు.

ఆ రాత్రి ఆస్పత్రిలో కళ్లు తెరవలేకపోయాను. చూపు పోయిందనుకున్నాను. మర్నాటికి మసకగా కనిపించింది. మొదటి వారమంతా డ్రెస్సింగ్ మార్చే వేళంటే వణుకు. నర్సమ్మ అడుగుల చప్పుడుకే ఏడ్చేవాణ్ణి. రెండో వారంలో తొడ చర్మం తీసి చేతికి వేశారు. అన్నం మా ఆవిడ కలిపి పెట్టేది. స్నానం, మిగతా అవసరాలన్నీ బామ్మర్దే చూశాడు. వదిలేసి పరుగెత్తింది నేను. నన్ను ఎత్తుకుని తిప్పింది అతను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. ఒకరోజు ఆ మాట చెప్పాను. "అదంతా వదిలెయ్ బావా" అన్నాడు.

ఇంటికొచ్చాక నెలలపాటు షెడ్డు తలుపు తీయలేదు. ఇప్పుడు పని చేస్తున్నాను. నిప్పురవ్వ కనిపిస్తే మాత్రం చెయ్యి దానంతట అదే స్విచ్ మీదికి పోతుంది.

ఇంట్లో మెగ్నీషియం, టైటానియం కోసేవాళ్లు మీలో ఉంటే నాలుగు మాటలు. పదునైన టూల్ వాడండి. మరీ పల్చటి కట్ వద్దు, టూల్‌ను ఒకేచోట రాయనివ్వొద్దు. చిప్స్ కుప్పపడకముందే తీసి, మూత ఉన్న పొడి ఇనప డబ్బాలో వేయండి. నీళ్లు కలిపిన కూలెంట్ మెగ్నీషియానికి వద్దు. తడి చిప్స్ నుంచి కూడా హైడ్రోజన్ వస్తుంది. గ్రైండర్ రవ్వలు ఆ దరిదాపుల్లో పడకూడదు. ఇంట్లో ఉండే ఏబీసీ పౌడర్ సిలిండరు ఈ మంటకు పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్‌లో కూడా మెగ్నీషియం మండుతూనే ఉంటుంది. లోహపు మంటలది క్లాస్ డి. దానికి తగిన పౌడర్ వేరే ఉంటుంది. అది దొరకకపోతే ఎండు ఇసుక గానీ, నూనె, తుప్పు లేని పోత ఇనుము చిప్స్ గానీ చేతికందేంత దూరంలో ఉంచండి. ఇసుకలో తడి ఉంటే అదీ పేలుతుంది.

ఒంటరిగా ఈ పని చేయకండి. మీతో షెడ్డులో ఉండేవారికి, ఇంట్లోవారికి ఈ మంట మీద నీళ్లు పోయకూడదని పని మొదలుపెట్టే ముందే చెప్పండి.