చంద్రవంక బురదలో సీతాకోకచిలుకలు

నరసరావుపేటలో బస్సెక్కితే పిడుగురాళ్ల దాకా సున్నపు బట్టీల దుమ్ము, గురజాల దాటాక నిద్ర. రెంటచింతల ఎండ గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటారు, కార్తీకంలో కూడా దాని పొగరు తగ్గలేదు. మాచర్లలో దొరికిన గది ఉక్కబోత. గోంగూర, పచ్చిమిరప నూరిన పచ్చడితో తిన్న అన్నం లేకపోతే ఆ రాత్రిని తిట్టుకునేవాణ్ణి.

పొద్దున్నే చెన్నకేశవస్వామి గుడికి వెళ్లాను. కులాలన్నిటినీ ఒక్క పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుడి పేరు ఇక్కడ ఎవరినడిగినా వస్తుంది. స్తంభాలు బాగున్నాయి. కానీ నా కాళ్లు గుడి పక్కనే పారే చంద్రవంక వైపు లాగాయి. ఊరు దాటాక మేకలు నీళ్లు తాగే రేవు ఒకటుంది. అక్కడి తడి మట్టి మీద పసుపు, తెలుపు, నలుపు కలిసి కదులుతున్నాయి.

అన్నీ సీతాకోకచిలుకలే. పసుపుగా ఉన్నవి కామన్ ఎమిగ్రెంట్లు, వీటి గొంగళిపురుగులు రేల చెట్టు ఆకు తిని పెరుగుతాయి. నల్లటి రెక్కల మీద లేత నీలి మచ్చలున్నవి బ్లూ టైగర్లు. ఫ్రెడరిక్ మూర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1880లో ఈ ప్రజాతికి పెట్టిన పేరు ‘తిరుమల’. లండన్‌లో కూర్చున్న మనిషికి మన కొండ పేరు ఎందుకు తట్టిందో గానీ, బురదలో వాటిని చూస్తుంటే నాకు ముచ్చటేసింది.

పూల మీద వాలితేనే అందమని క్యాలెండర్ల వాళ్లు మనకు అలవాటు చేశారు. నిజానికి మగవాటికి ఈ మేక ఉచ్చ ఇంకిన మట్టే విందు. తేనెలో దొరకని ఉప్పును ఇక్కడ పీల్చుకుంటాయి. జత కట్టేటప్పుడు అందులో కొంత ఆడదానికి అందుతుంది, అక్కణ్ణుంచి గుడ్లలోకి చేరుతుంది. బ్లూ టైగర్ మగవాటికి ఇదీ చాలదు. గిలకజనుము లాంటి మొక్కల నుంచి చేదు రసాయనాలు పీల్చి, ఆడదాన్ని పిలిచే వాసన తయారు చేసుకుంటాయి.

బోర్లా పడుకుని మాక్రో లెన్స్ పెట్టాను. రెక్కలు మూసి కూర్చున్నప్పుడు లెన్స్ వాటికి సరిగ్గా ఎదురుగా ఉంటేనే అంచు నుంచి అంచు దాకా స్పష్టత వస్తుంది. ఆ పని ఎవరైనా నేర్చుకోవచ్చు. కష్టమంతా వెలుగుతోనే. సూర్యుడు వెనక నుంచి వస్తే నీలి మచ్చలు అద్దపు ముక్కల్లా వెలుగును లోపలికి వదులుతాయి, నలుపు మరింత నలుపవుతుంది. ముందు నుంచి ఫ్లాష్ కొట్టారా, అదే రెక్క అచ్చేసిన కాగితమైపోతుంది. కొందరు పురుగును ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారాక పూవు మీద కూర్చోబెట్టి తీసి, దాన్ని కళ అంటారు. నా మటుకు నాకు అది శవానికి సింగారం.

“ఏంది నాయనా, ఆ ఉచ్చ బురదలో పొర్లుతున్నావు?” వెనక నుంచి కేక. మేకలు తోలుకొచ్చిన పెద్దావిడ.

“ఫొటోలు పెద్దమ్మా, సీతాకోకచిలుకలవి.”

“వాటినా? మా నిమ్మచెట్టు ఆకులన్నీ తినేది వీటి పురుగులే గదా!”

మాట నిజమే, నిమ్మచెట్టును మేసే జాతీ ఆ గుంపులో ఉంది. ఆ తర్వాత ఎత్తిపోతల వెళ్లాను. ఇదే చంద్రవంక అక్కడ డెబ్భై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది, కింద మొసళ్లుంటాయి, రెయిలింగ్ నిండా సెల్ఫీల జనం. అరగంటలో బయటపడ్డాను.

అంతకు ముందు, రేవు దగ్గర ఉండగానే కెమెరా తెర ఆ పెద్దావిడకు చూపించాను. నేను మురిసిపోయిన ఫొటో అది: రెండు బ్లూ టైగర్లు, వెనక నుంచి ఎండ, చుట్టూ నల్లటి మట్టి. ఆవిడ తెరను కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, వేలితో మూల చూపించింది.

“ఇదిగో, మా మేక గిట్ట కూడా పడింది. దాన్ని మటుకు తీసేయబాక.”