బరువైన బాణం

దశరథుడు చప్పుడు విని బాణం వేశాడు. ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్నాడు. తగిలింది కుండ ముంచుతున్న మునికుమారుడికి! శబ్దభేది కథ మనందరికీ తెలిసిందే. అమెరికా అడవుల్లో ఈ కథ తిరగబడుతుంది. అక్కడ చప్పుడు వినేది జింక. వింటినారి టప్పుమనగానే ఉలిక్కిపడి, పరుగందుకోవడానికి ఒళ్లు కిందికి కుంగదీస్తుంది. గుండెకు పెట్టిన గురి వీపు మీదికి పోతుంది.

పెన్సిల్వేనియాలో ఓ వేటగాడికి కిందటేడు జరిగింది అదే. నెత్తుటి చుక్కల వెంట చీకటిపడేదాకా తిరిగాడు. జింక దొరకలేదు. బతికిందో, ఏ పొదలో పడి చచ్చిందో తెలియదు. అందుకే ఈసారి సీజన్‌కి రెండు నెలల ముందే గ్యారేజీలో చిన్న త్రాసు పెట్టుకుని కూర్చున్నాడు.

అతనిది క్రాస్‌బో. తుపాకీలా భుజానికి ఆనించి, మీట నొక్కితే బాణం వదిలే విల్లు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అక్కడ లైసెన్సుంటే, సీజన్లో వేటాడొచ్చు. విలువేట సీజన్లోకి క్రాస్‌బోని పెన్సిల్వేనియా 2009లో రానిచ్చింది.

బాణం బరువుని అక్కడ 'గ్రెయిన్ల'లో చెబుతారు. మన కంసాలి గురివింద గింజలాగే ఇదీ ధాన్యపు గింజతో మొదలైన తూకం. ఒక గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు. అతను ఇన్నాళ్లూ వాడింది 400 గ్రెయిన్ల బాణం, అంటే 26 గ్రాములు. సెకనుకు 400 అడుగులు పోయేది. వేగం ఉంటే చాలనుకున్నాడు. కానీ ధ్వని వేగం సెకనుకు సుమారు 1,100 అడుగులు. 30 గజాల దూరాన్ని చప్పుడు 0.08 సెకన్లలో చేరితే, బాణానికి 0.22 సెకన్లు పట్టింది. ఎంత పరిగెత్తినా చప్పుడే ముందు!

మరి 600 గ్రెయిన్ల బాణమైతే? విల్లు అంతే శక్తినిచ్చినా వేగం 327 అడుగులకు పడిపోతుంది. అయితే అడ్డొచ్చినదాన్ని తోసుకుపోయే ఊపు... చదువుకున్నప్పుడు ద్రవ్యవేగం అన్నామే, అది 22 శాతం పెరుగుతుంది. టెన్నిస్ బంతికీ క్రికెట్ బంతికీ ఉన్న తేడా లాంటిదే. పైగా బరువైన బాణం వింటి శక్తిని ఎక్కువగా తనే పట్టుకుపోతుంది గనుక విల్లు తక్కువ అదురుతుంది, చప్పుడూ తగ్గుతుంది.

ఎడ్ ఆష్బీ అనే అమెరికన్ 1980లలో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో మామూలు విల్లులతో దీన్ని పరీక్షించాడు. పెద్ద జంతువుల గట్టి ఎముకను దాటాలంటే 650 గ్రెయిన్లు కావాలని తేల్చాడు. తెల్లతోక జింక అడవి దున్న కాదు, అంత బరువు అక్కర్లేదు. కానీ ఎముక తగిలినా బాణం ఆగిపోకూడదన్నదే ఈ వేటగాడి పట్టుదల.

ఊరికే వస్తుందా? 40 గజాలకు పాత బాణం 17 అంగుళాలు కిందికి జారితే, కొత్తది 26 జారుతుంది. దూరం అంచనా తప్పితే, బరువే కొంప ముంచుతుంది.

అందుకే పరీక్ష. ప్రతి బాణాన్నీ విడివిడిగా తూచాడు. తేడా ఉన్నవి పక్కన పెట్టాడు. కార్బన్ కాడని మెల్లగా వంచి, చిటపటమంటోందేమోనని చెవి పెట్టి విన్నాడు. పగిలిన కాడ చేతిలోనే చిట్లొచ్చు మరి! వెనక నారిని పట్టుకునే 'నాక్' విల్లు తయారీదారు చెప్పిన రకమేనా అని చూశాడు. సాధన ములికితో సూటిగా పోయిన బాణం పదునైన వేట ములికితో పక్కకి పోవచ్చు. కాబట్టి వేటకు వాడే ములికితోనే 20, 30, 40 గజాల నుంచి దిమ్మె మీద వేసి చూశాడు.

20 గజాలకు బాణాలన్నీ అరచేయంత మేర పడ్డాయి. 30కీ ఫర్వాలేదు. 40 గజాలకు మాత్రం పదింట మూడు గీత దాటాయి. ఎండపూట, తీరిగ్గా, కదలని దిమ్మె మీద వేస్తేనే ఇలా ఉంది. మంచు పట్టిన తెల్లవారుజామున, గుండె దడదడలాడుతుంటే, చెవులు రిక్కించిన జింక మీద ఎలా ఉంటుంది?

మరింత బరువు పెంచమన్నాడు స్నేహితుడు. తగ్గించమన్నాడు ఇంకొకడు. అతను రెండూ చేయలేదు. తెల్లటి టేపు ముక్క చింపి, క్రాస్‌బో మీద చెంప ఆనేచోట అంటించి, పెన్నుతో రాసుకున్నాడు... '30 గజాలు. ఆపైన వద్దు.'