తెలిసీ స్టీరింగ్ పడితే

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. లైసెన్సు సస్పెన్షన్‌లో ఉండగా కారు తీసేవాళ్ల ధైర్యమంతా ఈ సామెతలోనే ఉంది. స్పీడు పెంచకుండా, సిగ్నల్ దాటకుండా, సీటుబెల్టు పెట్టుకుని పద్ధతిగా వెళుతుంటే పోలీసు ఎందుకు ఆపుతాడు? ఈ ధీమా ఎంత ఉత్తిదో 2020 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

కాన్సస్ రాష్ట్రంలో గస్తీ తిరుగుతున్న షెరీఫ్ డిప్యూటీ ఒకడు, కనిపించిన షెవ్రొలే పికప్ ట్రక్కు నంబరు కంప్యూటర్‌లో కొట్టి చూశాడు. దాని యజమాని లైసెన్సు రద్దయిందని వచ్చింది. ట్రక్కు ఏ రూలూ తప్పలేదు. నడుపుతున్నది ఎవరో డిప్యూటీ చూడనూ లేదు. అయినా ఆపాడు. లోపల ఉన్నది యజమానే. పదేపదే ఉల్లంఘించేవాళ్లకు వర్తించే సెక్షన్ కింద కేసు పెట్టారు. ‘నడిపేది నా భార్యో, కొడుకో అయ్యుండొచ్చు కదా, నన్నెలా ఆపుతారు?’ అన్న తరహా వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లి ‘కాన్సస్ వర్సెస్ గ్లోవర్’ కేసైంది. బండిని సాధారణంగా యజమానే నడుపుతాడనుకోవడం ఇంగితజ్ఞానమని 8-1 మెజారిటీతో తీర్పు వచ్చింది. యజమాని అరవై దాటిన మగవాడని తెలిసి, స్టీరింగ్ దగ్గర పాతికేళ్ల అమ్మాయి కనిపిస్తే మాత్రం ఆ అనుమానం నిలవదని కోర్టు ఒక మినహాయింపూ చెప్పింది.

అంటే ఎంత బుద్ధిగా నడిపినా లాభం లేదు. నంబర్ ప్లేటు చాలు.

అయినా బండి తీయక తప్పదనుకునేవాళ్లు ఉంటారు. న్యూజెర్సీ సంగతే చూడండి. ఎడిసన్, ఇసెలిన్, ప్లెయిన్స్‌బరో వైపు ఉండే తెలుగువాళ్లకు కారు లేకపోతే పూట గడవదు. రైల్వే స్టేషన్‌కు వెళ్లాలన్నా, పిల్లల్ని కూచిపూడి క్లాసులో దింపాలన్నా, ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు తేవాలన్నా కారే దిక్కు. టెక్సస్‌లోనైతే కోర్టును అడిగి ఉద్యోగానికీ, ఇంటి అవసరాలకూ పరిమిత లైసెన్సు తెచ్చుకోవచ్చు. న్యూజెర్సీలో ఆ వెసులుబాటు లేదు.

పైగా సస్పెన్షన్ అనగానే అందరూ తాగి నడిపిన కేసే అనుకుంటారు. ట్రాఫిక్ తప్పులకు పడే పాయింట్లు 12కు చేరినా, ఇన్సూరెన్స్ లేకుండా దొరికినా, టికెట్టు వచ్చాక కోర్టుకు వెళ్లకపోయినా లైసెన్సుకు ముప్పే. ప్రాజెక్టు మారినప్పుడల్లా అపార్ట్‌మెంట్ మార్చే మన ఐటీ కుర్రాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కొత్త చిరునామాను వారంలోగా మోటార్ వెహికల్ కమిషన్‌కు చెప్పాలి. చెప్పకపోతే నోటీసు పాత ఇంటి డబ్బాలో పడి ఉంటుంది. సస్పెన్షన్ గడువు తీరగానే లైసెన్సు దానంతటదే బతకదన్న సంగతీ చాలామందికి తెలియదు. 100 డాలర్ల పునరుద్ధరణ రుసుము కట్టి, పునరుద్ధరించినట్టు కమిషన్ చెప్పేదాకా అది సస్పెన్షన్ కిందే లెక్క.

శిక్షలు మెట్లు మెట్లుగా పెరుగుతాయి. న్యూజెర్సీలో మొదటిసారి దొరికితే 500 డాలర్ల జరిమానా. రెండోసారి 750 డాలర్లు, ఒకటి నుంచి అయిదు రోజుల కౌంటీ జైలు. మూడోసారి 1,000 డాలర్లు, పది రోజుల జైలు. దొరికిన ప్రతిసారీ సస్పెన్షన్ మరో ఆరు నెలల దాకా పొడిగించవచ్చు. ఇవి కాక, కమిషన్ విడిగా ఏటా 250 డాలర్ల చొప్పున మూడేళ్లు సర్‌చార్జి వసూలు చేస్తుంది. సస్పెన్షన్‌లో నడుపుతుండగా ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడితే జైలు 45 రోజులకు తగ్గదు.

అసలు దెబ్బ మద్యం కేసులో లైసెన్సు పోయినవాళ్లకు. ఆ సస్పెన్షన్‌లో బండి తీసి మొదటిసారి దొరికితేనే 10 నుంచి 90 రోజుల జైలు. అదే పని మళ్లీ చేసినా, లేదా రెండో మద్యం కేసు సస్పెన్షన్‌లో ఒక్కసారి నడిపినా 2011 ఆగస్టు నుంచి అది నాలుగో డిగ్రీ క్రైమ్. కనీసం 180 రోజుల జైలు, పెరోల్ లేదు. విచిత్రమేమిటంటే, ఎవరికీ గాయాలు కానంతవరకు తాగి నడపడం ఆ రాష్ట్రంలో ట్రాఫిక్ ఉల్లంఘనే, క్రైమ్ కాదు. కోర్టు వద్దన్నాక కూడా నడపడమే క్రైమ్. ఉద్యోగం పోకుండా వారాంతాల్లో, రాత్రిళ్లలో విడతలుగా శిక్ష అనుభవిస్తామన్న వేడుకోలును కూడా రాష్ట్ర సుప్రీంకోర్టు 2019లో తోసిపుచ్చింది.

వలస వెళ్లినవాళ్లకు ఈ 180 అంకె మరోచోట కూడా ఎదురవుతుంది. పౌరసత్వానికి దరఖాస్తు చేసేవాళ్లు సాధారణంగా గత అయిదేళ్ల మంచి నడవడి చూపించాలి. ఆ కాలంలో శిక్ష పడి మొత్తం 180 రోజులో, అంతకు మించో జైల్లో గడిపినవాళ్లకు అది ఉన్నట్టు లెక్కించకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. 1999లో ఆరిజోనా కేసు ఒకటి విన్న ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు, లైసెన్సు సస్పెండయిందని తెలిసీ తాగి నడపడాన్ని నైతిక పతనం కిందికొచ్చే నేరంగా లెక్కగట్టింది. మామూలు తాగి నడిపిన కేసుకు ఆ ముద్ర లేదు. ఇక్కడ ‘తెలిసీ’ అన్న మాటే కేసు స్వరూపాన్ని మార్చేసింది. ఇక మద్యం కేసులో అరెస్టయితే తీర్పు రాకముందే వీసా రద్దయ్యే ప్రమాదముంది. అప్పుడు ఇండియా వచ్చినవాళ్లు తిరిగి వెళ్లాలంటే మళ్లీ వీసా స్టాంపింగ్ కోసం కాన్సులేట్ మెట్లెక్కాల్సిందే.

డబ్బూ పేరూ ఉంటే తప్పించుకోవచ్చనుకునేవాళ్లకు హోటళ్ల వారసురాలు పారిస్ హిల్టన్ కథ ఉండనే ఉంది. 2007 జనవరిలో కాలిఫోర్నియా పోలీసులు ఆమెను ఆపి, లైసెన్సు సస్పెన్షన్‌లో ఉందని కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఫిబ్రవరిలో మళ్లీ దొరికింది. సంతకం చేసిన ఆ కాగితం కారు డాష్‌బోర్డు అరలోనే ఉంది. ప్రచార ప్రతినిధి వేరేగా చెప్పాడన్న ఆమె మాటను జడ్జి నమ్మలేదు. అంతకుముందటి మద్యం కేసులో ఇచ్చిన ప్రొబేషన్ ఉల్లంఘన కింద 45 రోజుల శిక్ష వేశాడు. ఆమె అందులో దాదాపు సగం కాలం కటకటాల వెనక గడిపింది.

మన దేశంలోనూ ఈ నేరం చిన్నదేమీ కాదు. మోటారు వాహనాల చట్టం 182వ సెక్షన్ కింద, అనర్హత వేటు పడ్డాక నడిపితే మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు ఆ జరిమానా 500 రూపాయలు. ఆ 500 నాటి అలవాటునే కొందరు విమానమెక్కించి అమెరికా తీసుకెళుతున్నారు.

తెలుగు కుటుంబాల్లో దీనికి పరువు గొడవ కూడా తోడవుతుంది. కార్‌పూల్ అడిగితే ఎందుకని అడుగుతారు. చుట్టపుచూపుగా వచ్చిన అత్తమామలు అల్లుడు కారెందుకు తీయడం లేదని ఆరా తీస్తారు. నలుగురికీ చెప్పుకోలేక గుట్టుగా తాళం తీసేవాళ్లే రెండో మెట్టు, మూడో మెట్టు ఎక్కుతున్నారు.

కాబట్టి లైసెన్సు పోతే దాచకండి. ఇంట్లో చెప్పండి, స్నేహితుల్ని లిఫ్టు అడగండి, ఊబర్ ఖర్చు భరించండి. ఇల్లు మారిన వారంలోపే చిరునామా మార్పించుకోండి. కోర్టు తేదీ తప్పకండి. టికెట్టు ఒప్పుకునే ముందు ట్రాఫిక్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరునూ కలవండి. గడువు అయిపోయిందని తాళాలు అందుకునే ముందు, లైసెన్సు నిజంగా తిరిగొచ్చిందో లేదో కమిషన్‌ను ఒకసారి అడిగి తెలుసుకోండి.