అద్దం ఉన్న కెమెరా, అద్దం లేని కెమెరా

మన పెళ్ళిళ్ళలో ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకో, కోడి కూసే వేళకో పడతాయి. లగ్నం ఎప్పుడు కుదిరితే అప్పుడే పెళ్ళి. వెలుతురు సంగతి ఆ తర్వాత. అందుకే తెలుగునాట పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళకు అసలు పరీక్ష చీకటి దగ్గరే ఎదురవుతుంది. ఫిల్మ్ రోజుల్లో ఆ చీకటి మీదికి ఫ్లాష్ కొట్టేవాళ్ళం. పక్కనే వీడియోవాళ్ళ హాలోజన్ లైటు ఉండేది. ఆ వేడికి బాసికం కింద చెమటపట్టి పెళ్ళికూతురి కల్యాణతిలకం కారిపోయేది. ప్రింటు వచ్చాక చూస్తే ముఖాలు తెల్లగా పాలిపోయి, వెనక మండపమంతా నల్లగా ఉండేది. అరటిబోదెలు, మామిడి తోరణాలు, ప్రమిదల వెలుగు, హోమగుండం ఎరుపు, ఏవీ ఫొటోలోకి వచ్చేవి కావు.

2009లో నికాన్ డీ3ఎస్ అనే డీఎస్ఎల్ఆర్ కెమెరా వచ్చింది. దానితో ఆ చీకటి బాధ చాలావరకు తీరింది. చూడబోతే పన్నెండు మెగాపిక్సెళ్ళే. కానీ ఆ పన్నెండూ ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద పరుచుకున్నవి కాబట్టి ఒక్కో పిక్సెల్ పెద్దది, వెలుతురును బాగా పట్టుకుంటుంది. ఐఎస్ఓ 12,800 దాకా మామూలుగా వెళ్ళేది, తప్పనిసరైతే 1,02,400 దాకా పెంచుకోవచ్చు. ఆ చివరి అంకెల దగ్గర ఫొటో నిండా గ్రెయిన్ వచ్చేది గాని, 6,400 దగ్గర తీసిన బొమ్మను నిశ్చింతగా ఆల్బమ్‌లో పెట్టేవాళ్ళం. ఫ్లాష్ ఆపేసి హోమగుండం వెలుగులోనే వధూవరుల ముఖాలు తీయడం అప్పుడు మొదలైంది. మన పెళ్ళి ఆల్బమ్‌లలో రాత్రి రాత్రిలా కనిపించడానికి ఆ తరం కెమెరాలే కారణమని నా నమ్మకం.

ఆ డీ3ఎస్ ఇంకా నా దగ్గర ఉంది. 2024లో వచ్చిన నికాన్ జెడ్6 త్రీ అనే మిర్రర్‌లెస్ కూడా ఉంది. రెండూ ఒకే సంచిలో ఒకే పెళ్ళికి వస్తాయి. ఏది మంచిదని కుర్రాళ్ళు అడుగుతూనే ఉంటారు. ఒక్క మాటలో తేలేది కాదు కాబట్టి వివరంగానే చెబుతాను.

తేడాకు మూలం అద్దం. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ గుండా వచ్చిన వెలుతురు ఏటవాలుగా అమర్చిన అద్దానికి తగిలి పైకి మళ్ళుతుంది. కెమెరా నెత్తిన ఎద్దు మూపురంలా ఉబ్బెత్తుగా కనిపించేచోట పెంటాప్రిజం ఉంటుంది. వెలుతురు అందులో మలుపులు తిరిగి మన కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, ఫొటో పడుతుంది, అద్దం మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ రెప్పపాటు వ్యూఫైండర్ చీకటి. అంటే ఫొటోలో పడిన క్షణాన్ని అక్కడున్న అందరూ చూస్తారు, తీసినవాడు తప్ప. మిర్రర్‌లెస్‌లో అద్దమూ లేదు, ప్రిజమూ లేదు. వెలుతురు నేరుగా సెన్సర్ మీద పడుతుంది. సెన్సర్ చూసిందే ఒక చిన్న తెర మీదికి ఎక్కుతుంది. మన కన్ను చూసేది ఆ తెరనే. జెడ్6 త్రీలో ఆ తెరకు 57.6 లక్షల చుక్కలున్నాయి. ఎర్రటి ఎండలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

ముందుగా ఫోకస్ సంగతి. డీఎస్ఎల్ఆర్‌లో పెద్ద అద్దం వెనక ఇంకో చిన్న అద్దం ఉండి, కొంత వెలుతురును కెమెరా అడుగున ఉన్న ఫోకస్ యూనిట్‌కు పంపుతుంది. ఫోకస్ నిర్ణయమయ్యేది ఒకచోట, ఫొటో పడేది మరోచోట. ఈ రెండు దారుల కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి మీద పడుతుంది. అందుకే ఒక్కో లెన్స్‌కూ విడిగా ఫైన్ ట్యూన్ చేసుకోవాలి. పైగా డీ3ఎస్‌లోని 51 ఫోకస్ పాయింట్లూ ఫ్రేమ్ నడుమనే గుమిగూడి ఉంటాయి.

జీలకర్రబెల్లం ఘట్టం తీసుకోండి. వధూవరులు ఎదురెదురుగా కూర్చుని ఉంటారు, మధ్యలో అడ్డుతెర. పక్కనుంచి తీసేవాడి ఫ్రేమ్‌లో అమ్మాయి ముఖం ఒక అంచున, అబ్బాయి ముఖం ఇంకో అంచున ఉంటాయి. నడుమ ఉండేది తెరగుడ్డ, పురోహితుడి చెయ్యి. పాయింట్లన్నీ వాటిమీదే పడతాయి. కాబట్టి ముందు అమ్మాయి కంటి మీద ఫోకస్ పట్టి, దాన్ని అలాగే బిగపట్టి, కెమెరాను పక్కకు జరిపి నొక్కాలి. 85 ఎంఎం లెన్స్‌ను ఎఫ్1.4 దగ్గర తెరిచి రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు నాలుగైదు సెంటీమీటర్లే. కెమెరా జరపడంలో మనం కాస్త ముందుకు ఊగినా చాలు, కనురెప్పలు సాఫ్ట్ అయి ముక్కుపుడక షార్ప్‌గా వస్తుంది. ఇంతలో గట్టిమేళం మొదలవుతుంది, చేతులు పైకి లేస్తాయి, మోచేతులు ముఖాలకు అడ్డం వస్తాయి, తెర తీసేస్తారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ తొలిచూపు మళ్ళీ రాదు.

ఇక్కడ మిర్రర్‌లెస్‌కు తిరుగులేదు. ఫోకస్‌ను సెన్సరే చూసుకుంటుంది కాబట్టి రెండు దారుల తేడా అన్నదే ఉండదు. ఫ్రేమ్ అంచున ఉన్న కన్నును కూడా పట్టుకుంటుంది, మోచెయ్యి అడ్డొచ్చి తొలగగానే మళ్ళీ అందుకుంటుంది. ఇద్దరిలో ఎవరి కన్ను అన్నది మాత్రం మనం చెప్పాలి. లేకపోతే దానికి తోచిన ముఖాన్ని అది ఎంచుకుంటుంది. ముహూర్తం షాట్‌లో ఫోకస్ పోతుందేమోనన్న భయం ఫొటోగ్రాఫర్ల తరాలను వెంటాడింది. ఆ భయాన్ని తీసేసిన యంత్రానికి నేను మనస్ఫూర్తిగా దణ్ణం పెడతాను.

శబ్దం గురించి కూడా చెప్పాలి. డీ3ఎస్ సెకనుకు తొమ్మిది ఫొటోలు తీసేటప్పుడు అద్దం కొట్టుకునే చప్పుడు హాలు చివరిదాకా వినిపిస్తుంది. గట్టిమేళంలో, తలంబ్రాల కేరింతల్లో దాన్ని పట్టించుకునేవారు లేరు. కష్టమల్లా అప్పగింతల దగ్గర. సన్నాయి ఆగిపోతుంది. పాలలో తడిపిన చేతులతో అమ్మాయి అత్తమామల ముందు కూర్చుంటుంది, వాళ్ళ నాన్న మాట పెగలక నిలబడి ఉంటాడు. అప్పుడు ఒక్క క్లిక్ వినిపిస్తే చాలు, ఆయన తల తిప్పుకుని కండువాతో ముఖం తుడుచుకుంటాడు. జెడ్6 త్రీలో సైలెంట్ మోడ్ పెడితే ఏ చప్పుడూ ఉండదు. ఆయన తన దుఃఖంలో తాను ఉంటాడు. ఇది పెద్ద శక్తి, దానికి తగ్గ మర్యాదా మనకు ఉండాలి. అలా తీసిన ఫొటోలను నేను ముందు ఆ ఇంటివాళ్ళకే చూపిస్తాను, వాళ్ళు సరేనంటేనే ఆల్బమ్‌లోకి వెళతాయి.

ఈ నిశ్శబ్దానికి ఒక ధర ఉంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ వరుస వెంట వరుస చదువుతూ పోతుంది. ఎల్ఈడీ లైట్లు మన కంటికి తెలియకుండా వెలిగి ఆరుతుంటాయి కాబట్టి ఒక వరుసకు వెలుతురు అంది, మరో వరుసకు అందక ఫొటో మీద అడ్డంగా చారలు పడతాయి. ఇప్పటి ఫంక్షన్ హాళ్ళలో స్టేజీ మీద ఎల్ఈడీ లేని చోటే లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి షట్టర్ వేగం 1/50 లేదా 1/100 దగ్గర ఉంచితే మామూలు దీపాలతో చాలావరకు గట్టెక్కుతాం. స్టేజీ వెనక పెట్టే పెద్ద ఎల్ఈడీ తెరలకు ఆ లెక్క సరిపోదు. అక్కడ మెకానికల్ షట్టర్‌కు మారడమే మేలు.

బరువులో పోటీయే లేదు. డీ3ఎస్ బ్యాటరీ లేకుండానే 1,240 గ్రాములు. జెడ్6 త్రీ బ్యాటరీ, కార్డు కలుపుకుని 760. తెల్లవార్లూ మెడలో వేసుకు తిరిగేవాళ్ళకు ఆ తేడా ఏమిటో చెప్పనక్కర్లేదు. బ్యాటరీ దగ్గర లెక్క తిరగబడుతుంది. కంపెనీ చెప్పే లెక్క ప్రకారం డీ3ఎస్ ఒక ఛార్జింగ్‌తో 4,200 ఫొటోలు తీస్తుంది, కొత్తది నాలుగు వందల లోపే. ఆచరణలో రెండూ అంతకంటే ఎక్కువే ఇస్తాయి గాని, మిర్రర్‌లెస్‌తో పెళ్ళికి వెళ్ళేవాళ్ళ జేబులో అదనపు బ్యాటరీలు ఉండి తీరాలి. ఇక మెగాపిక్సెళ్ళంటారా, పన్నెండు ఇరవై నాలుగైతే లాభం కనిపించేది గ్రూప్ ఫొటోల్లో. 12×36 ఆల్బమ్ షీటు నిండా ఒకే ఫొటో పరిచినప్పుడు వెనక వరుసలో నిలబడ్డ మేనత్త ముఖం జెడ్6 త్రీలో తేటగా ఉంటుంది, డీ3ఎస్‌లో కాస్త పలచబడుతుంది.

ఇవన్నీ సౌకర్యాలు. నా దృష్టిలో అసలు తేడా వ్యూఫైండర్‌ది. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్ ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తుంది. మిర్రర్‌లెస్ వ్యూఫైండర్ రాబోయే ఫొటోను చూపిస్తుంది. మధుపర్కాలు కట్టుకున్న జంట మీద పక్కనుంచి లైటు పడుతోందనుకోండి. ఆ తెలుపు కాలిపోతుందా, నేతలోని పోగులు నిలుస్తాయా అన్నది మిర్రర్‌లెస్‌లో నొక్కకముందే తెలుస్తుంది. చక్రం ఒక మెట్టు తిప్పితే చాలు. డీ3ఎస్‌లో తెలుపు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ చూస్తున్నది మన కన్ను. కన్ను తట్టుకున్నంత వెలుతురు తేడాను సెన్సర్ తట్టుకోదు. తెలుపు ఎక్కడ కాలుతుంది, నలుపు ఎక్కడ మూసుకుపోతుంది అన్నది మనసులోనే లెక్క వేసుకోవాలి. ఏళ్ళ తరబడి ఆ లెక్క వేసినవాళ్ళకు కెమెరా చేతిలో లేకపోయినా వెలుతురును చదవడం వస్తుంది. గదిలోకి అడుగు పెట్టగానే ఏ కిటికీ పక్కన ఎవరిని నిలబెట్టాలో తెలుస్తుంది. ఈ విద్య డీఎస్ఎల్ఆర్ నేర్పినంత బాగా మిర్రర్‌లెస్ నేర్పదు. జవాబు ముందే చూపిస్తుంటే లెక్క వేసే అలవాటు కుదరదు.

ఎదురుచూడటంలో కూడా పాతదానిదే పైచేయి. సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టులో నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. పిల్లకు మేత తెచ్చే తల్లి ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. డీ3ఎస్ వ్యూఫైండర్‌లోంచి గంటసేపు చూస్తూ కూర్చున్నా బ్యాటరీ కదలదు, ఎందుకంటే ఆ చూడటానికి కరెంటుతో పనిలేదు. ఆకుల మీద ఎండ మారడం, పిల్ల ముక్కు తెరిచి అరవడం, అన్నీ ఉన్నవి ఉన్నట్టు కంటికి అందుతాయి. మిర్రర్‌లెస్ తెర కాసేపటికి నిద్రపోతుంది, నొక్కి లేపాలి. పక్షి రెక్క విప్పే వేళకు అది లేచే లోపు ఒక క్షణం పోతుంది. అయితే పక్షి గాల్లోకి లేచాక వెంటబడి ఫోకస్ పట్టడంలో కొత్తదే గెలుస్తుంది. ఆ మాట కూడా చెప్పాలి.

లెన్సులున్నవాళ్ళు ఒక విషయం గమనించుకోవాలి. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది. అందులో లెన్స్ మౌంట్‌కూ సెన్సర్‌కూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, ఆ మధ్యలోనే అద్దం కదలాలి. అద్దం పోయింది కాబట్టి జెడ్ మౌంట్‌లో ఆ దూరం 16 మిల్లీమీటర్లకు తగ్గింది. మిగిలిన ఖాళీలో ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెడితే పాత లెన్సులు కొత్త బాడీకి ఎక్కుతాయి. కానీ ఆ అడాప్టర్‌లో ఫోకస్ మోటారు లేదు. డీ3ఎస్ బాడీలో ఉంది. సొంత మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఇబ్బంది లేదు. 80-200 లాంటి పాత ఏఎఫ్-డీ లెన్సులను మాత్రం ఎఫ్‌టీజెడ్‌తో జెడ్ బాడీకి ఎక్కిస్తే ఫోకస్‌ను చేత్తో తిప్పుకోవాల్సిందే. లెన్సులన్నీ ఆ తరానివే అయితే, బాడీ కొనేముందు వాటి ఖర్చు కూడా కలిపి చూసుకోండి.

నికాన్ డీ6, కెనాన్ 1డీ ఎక్స్ మార్క్ త్రీ రెండూ 2020లో వచ్చాయి. ఆ వరుసల్లో తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ రాలేదు. కంపెనీలు ఎటు వెళ్ళాయో స్పష్టమే. డబ్బు తీసుకుని పెళ్ళి ఒప్పుకునేవాళ్ళు మిర్రర్‌లెస్ కొనాలని నేను గట్టిగా చెబుతాను. మనల్ని నమ్మి ముహూర్తం అప్పగించిన ఇంటికి ఫోకస్ పోయిన ఫొటో ఇవ్వడానికి ఇప్పుడు సాకులు లేవు. నేర్చుకునేవాళ్ళకు మాత్రం సెకండ్ హ్యాండ్ ప్రొఫెషనల్ డీఎస్ఎల్ఆర్ కంటే మంచి గురువు లేదు. కొత్త బాడీ ధరలో చిన్న భాగానికే వస్తుంది. కొనేటప్పుడు షట్టర్ కౌంట్ అడగండి. డీ3ఎస్ షట్టర్‌ను మూడు లక్షల క్లిక్కులకు పరీక్షించారు. కార్డు స్లాట్‌లో సూదులు వంగి ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. గ్రిప్ రబ్బరు ఊడితే అంటించుకోవచ్చు, సూది వంగితే కష్టం.

మీ ఇంట్లో బీరువాలో పాత డీఎస్ఎల్ఆర్ మూలపడి ఉంటే ఈ వారమే బయటికి తీయండి. కోస్తా తేమకు మూసిపెట్టిన లెన్సుల్లో ఫంగస్ పాకుతుంది. పనిచేస్తుంటే మీ ఊళ్ళో ఫొటోలు తీయడం నేర్చుకుంటున్న అమ్మాయికో అబ్బాయికో ఇచ్చేయండి. దానితోపాటు ఒక 50 ఎంఎం లెన్సు, ఛార్జరు, కార్డు రీడరు కూడా ఇవ్వండి. సీఎఫ్ కార్డు రీడర్లు ఇప్పుడు అన్ని షాపుల్లోనూ దొరకడం లేదు.